సరదాకు వేట: ఆదివారం మటన్ తినేటోనికి అడిగే హక్కుందా?

డిండి_పోరడు
శనివారం, రాత్రి 11:42

అన్నలూ, అక్కలూ, ఇది ఎవలను అడగాల్నో తెలువక ఇక్కడ రాస్తున్న. మాది దేవరకొండ దిక్కు, హైదరాబాద్‌ల ఉద్యోగం. పోయిన వారం ఆఫీసు దోస్తులు నలుగురు అచ్చంపేట దిక్కు ఒకాయన ఫామ్‌హౌస్‌కు రమ్మన్నరు. చికెన్, బీరు అనుకొని పోయిన. పదకొండు దాటినంక జీపు తీసిర్రు. చేతిల ఎయిర్ గన్ను, జీపు మీద పెద్ద లైటు. "కుందేళ్ల షికారు" అన్నరు.

కంది చేను గట్టు మీద ఒక కుందేలు లైటుకు అట్లనే నిలబడిపోయింది. చెవులు ఎర్రగ మెరుస్తున్నయి, వెలుతురు వాటిల్నుంచి అవతలికి పోతున్నది, నరాలు సుత కనబడుతున్నయి. కొట్టిండు. ఎన్క కాలికి తాకింది. అది ఏడ్చింది. నిజంగ ఏడ్చింది అన్నా, నెలల పిల్ల ఏడ్చినట్టు. కుందేలుకు గొంతు ఉంటదనే నాకు తెలువదు అప్పటిదాక. మూడు కాళ్ల మీద కందిల దూరింది. పది నిమిషాలు ఎతికి, "పోనీ తీయ్, ఇంకోటి దొరుకుతది" అన్నరు. దొరికింది కూడ.

ఇప్పుడు నా సంగతి. నేను ఆదివారం వస్తే మటన్ తింట. మైసమ్మకు మా ఇంట్ల యాట తెగుతది, చిన్నప్పటి నుంచి చూస్తున్న, ఎన్నడూ ఏం అనిపియ్యలే. మరి ఇది చూసినంక మూడు రాత్రులు నిద్ర ఎందుకు పట్టలే? తినేటందుకు చంపుడు వేరు, సరదాకు చంపుడు వేరు అని దోస్తుతోని అన్న. వాడు ఒక్కటే అడిగిండు: "నువ్వు ఆకలికి తింటున్నవా, రుచికి తింటున్నవా?" జవాబు రాలే. మీకు వస్తే చెప్పుర్రి.

గులేరు_గోపి
శనివారం, రాత్రి 11:58

తమ్మీ, నీ దోస్తు కరెక్టే అడిగిండు. బ్రాయిలర్ కోడి నలభై రోజులు బతుకుతది, ఎండ తెలువదు, వాన తెలువదు, పక్క కోడి మీద నిలబడి పెరుగుతది. కుందేలు దాని ఇష్టం వచ్చినట్టు తిరిగి, తిని, పిల్లల్ని కని, ఒక్క దెబ్బకు పోతది. రెండిట్ల ఏది పాపమో నువ్వే చెప్పు. ప్లేట్ల లెగ్ పీసు పెట్టుకొని వేటను తిట్టెటోళ్లను చూస్తే నాకు నవ్వొస్తది.

నేను చిన్నప్పుడు గులేరుతోని కౌజులు కొట్టిన, ఉరి పెట్టి పట్టిన. అడవి గురించి నాకు తెలిసిందంత ఆ తిరుగుడులనే తెలిసింది. ఏ పిట్ట ఏ పొద దగ్గర పొదుగుతదో, ఏ గాలికి ఏది బయటికొస్తదో. టీవీల చూసి నేర్చుకున్నది కాదు.

డిండి_పోరడు
ఆదివారం, ఉదయం 7:10

గోపన్నా, ఒక్క దెబ్బకు పోలేదు గదా. అదే నా బాధ.

పాతబీటు
ఆదివారం, ఉదయం 8:35

అడవి శాఖలో చేసి రిటైరైనవాణ్ణి. నీతి సంగతి తర్వాత, ముందు చట్టం సంగతి చెప్తాను. నలుగురు చదువుకున్న కుర్రాళ్లు జీపులో పోయారంటేనే ఇది ఎవరికీ తెలియదని అర్థమవుతోంది.

1972 వన్యప్రాణి రక్షణ చట్టం సెక్షన్ 9 ప్రకారం వేట నేరం. వేట అంటే చంపడం ఒక్కటే కాదు. ఉచ్చు పెట్టడం, తరమడం, ప్రయత్నించి తప్పిపోవడం, గూడు చెదరగొట్టడం, గుడ్లు తీయడం, అన్నీ ఆ మాటలోనే ఉన్నాయి. కుందేలూ రక్షణలో ఉన్నదే. మామూలుగా 3 ఏళ్ల దాకా జైలు, 2022 సవరణ తర్వాత లక్ష దాకా జరిమానా. అదే కృష్ణజింక అయితే మొదటి షెడ్యూలు, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జంతువుల జాబితా, 3 నుంచి 7 ఏళ్లు. "ఎయిర్ గన్నే కదా" అనేవాళ్లను చాలామందిని చూశాను. చట్టం తుపాకీ ఏదని అడగదు.

ఇంకోటి. లైటు వేసి నిలబెట్టి కొట్టడాన్ని పాత షికారీలే నీచంగా చూసేవాళ్లు. మన దేశంలో చివరి చీతాలు ఎలా పోయాయో తెలుసా? 1947లో కొరియా సంస్థానం (ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోది) రాజా రాత్రి బండిలో పోతుంటే మూడు చీతాలు లైటు వెలుగులో పక్కపక్కన కనబడ్డాయి. మూడింటినీ కాల్చేశాడు. 1952లో ఆ జంతువు దేశంలో లేదని ప్రకటించారు. 2022లో నమీబియా నుంచి విమానంలో తెచ్చుకున్నాం. ఆ రోజు అతనికి అది సరదానే.

మంచె_మల్లన్న
ఆదివారం, మధ్యాహ్నం 1:20

సార్, చీతాలు ఇమానంల వచ్చినయి సరే. మా పంట ఏ ఇమానంల వస్తది?

మాది మక్తల్ దిక్కు, కృష్ణ ఒడ్డు. వానకాలం పత్తి రెండాకుల మీద ఉన్నప్పుడు జింకలు మందలు మందలు వస్తయి. మీరు ఫొటోలు తీసుకునే నల్లజింకలే. మొలక కొరికితే ఆ చెట్టు ఇగ లేవదు. రెండుసార్లు ఇత్తనం పెట్టిన. యాసంగిల పల్లి పెడితే రాత్రి పందులు. పంది తినేది తక్కువ, తవ్వి పాడుచేసేది ఎక్కువ. ఎకరం చేను తెల్లారేసరికి దున్నినట్టు ఉంటది.

ఏం చేయలేదని అడుగుర్రి. మా ఇంటి దాని పాత చీరెలన్నీ చేను చుట్టూ కట్టిన, పెండ్లి చీరె ఒక్కటి మిగిలింది. మంగలి షాపుల కత్తిరిచ్చిన ఎంట్రుకలు సంచిల తెచ్చి గట్ల మీద చల్లిన, వాసన చూస్తే ముక్కుల పోయి పంది ఎనక్కి తిరుగుతదంటరు. వారం తిరిగినయి, తర్వాత అలవాటైనయి. మైకుల కుక్క అరుపు రికార్డు చేసి పెట్టిన. ఆ అరుపుకు మా ఊరి కుక్కలు వచ్చి కూసున్నయి, పందులు మాత్రం ఆగలే.

పక్క ఊర్ల ఒకాయన కరెంటు తీగ పెట్టిండు. పంది పడలే. తెల్లారి ఆయన తమ్ముడే పడ్డడు. అందుకే నేను తీగ పెట్ట. కాని సర్దాగ వేటాడెటోళ్లను మీరు తిడుతుంటే నాకు కడుపు మండుతది, ఎందుకంటె ఆ తిట్టు తిరిగి తిరిగి మా మీదికే వస్తది. "జంతువుల్ని చంపద్దు" అని పట్నంల కూసొని చెప్పుడు అలకనే.

పాతబీటు
ఆదివారం, మధ్యాహ్నం 2:05

మల్లన్నా, నిన్ను ఎవరూ తిట్టలేదు. చట్టంలోనే సెక్షన్ 11 ఉంది. మనిషి ప్రాణానికి గానీ, నిలబడ్డ పంటతో సహా ఆస్తికి గానీ ముప్పయ్యే కొన్ని జంతువుల విషయంలో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఇవ్వొచ్చు. ప్రాణరక్షణకు చంపితే నేరమే కాదు.

మంచె_మల్లన్న
ఆదివారం, మధ్యాహ్నం 2:11

కాయితం వచ్చేలోపు పల్లి అయిపోతది సార్.

జువాలజీ_అక్క
ఆదివారం, సాయంత్రం 5:48

నల్గొండలో జువాలజీ చెప్తాను. ఇక్కడ మూడు వేర్వేరు సంగతులు ఒకే కుండలో వేసి కలుపుతున్నాం. మల్లన్నది పంట కాపాడుకోవడం. గోపి చిన్నప్పటిది తిండి, ఆట కలిసినది. జీపు వాళ్లది ఒట్టి ఆట. మూడో దాని మీదే ప్రశ్న.

ఆ మూడో దానికి కూడా గట్టి వాదన ఉంది. నాకు నచ్చకపోయినా చెప్పాలి. ఆఫ్రికాలో కొన్ని దేశాలు డబ్బు తీసుకుని వేటకు అనుమతిస్తాయి. 2014లో నమీబియా ఒక నల్ల ఖడ్గమృగాన్ని వేటాడే అనుమతిని అమెరికాలోని డల్లాస్‌లో వేలం వేయిస్తే 3 లక్షల 50 వేల డాలర్లకు పోయింది. పిల్లలు పుట్టించే వయసు దాటి, మిగతావాటిని పొడిచి చంపుతున్న ముసలి మగదాన్ని ఎంచుకుంటామని, ఆ డబ్బు ఖడ్గమృగాల రక్షణకే పెడతామని వాళ్ల మాట. బోట్స్వానా 2014లో వేట ఆపేసి, 2019లో మళ్లీ తెరిచింది. అక్కడ లక్షా ముప్పై వేల దాకా ఏనుగులున్నాయి. వేట ట్రోఫీల, అంటే చంపిన జంతువుల తలలు, తోళ్ల లాంటివాటి దిగుమతిని కట్టడి చేయాలని జర్మనీలో చర్చ జరుగుతుంటే, 2024లో అప్పటి బోట్స్వానా అధ్యక్షుడు "మీకు 20 వేల ఏనుగులు పంపిస్తాం, వాటితో కలిసి బతకండి" అన్నాడు. మల్లన్న మాటకూ ఆయన మాటకూ పెద్ద తేడా లేదు చూడండి.

మరోవైపు కెన్యా 1977లోనే వేట మూసేసి సఫారీ చూసేవాళ్ల మీద బతుకుతోంది. అయితే చూడ్డానికి జనం రాని ముళ్లపొదల అడవులు కూడా ఉంటాయి, అక్కడ ఆ లెక్క నడవదు.

నాకు ఈ వాదనలో ఒక్క చోట ముల్లు గుచ్చుకుంటుంది. డబ్బు పులికో ఏనుగుకో మేలు చేసిందనే అనుకుందాం. ఆ డబ్బు ఇచ్చినవాడు దేనికి ఇచ్చాడు? మేలు కోసమే అయితే చెక్కు రాసి ఊరుకోవచ్చు, తుపాకీ ఎందుకు? ఫలితం మంచిదైతే కోరిక మంచిదైపోతుందా? నా దగ్గర కూడా పూర్తి జవాబు లేదు. 2015లో జింబాబ్వేలో సెసిల్ అనే సింహాన్ని చంపిన అమెరికా పళ్ల డాక్టరు ముందు బాణం వేశాడు. అది గాయంతో గంటల తరబడి తిరిగింది, ఆ తర్వాత ముగించారు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు దాని మెడకు కాలర్ కట్టి ఏళ్లుగా చూస్తున్నారు కాబట్టి లోకానికి తెలిసింది. మన కంది చేలో కుందేలుకు కాలర్ లేదు.

పాలమూరు_పాత
ఆదివారం, రాత్రి 9:30

అక్క చెప్పింది విన్నంక మా తాత యాదికొచ్చిండు. కొంచెం పొడుగు రాస్త, ఓపికున్నోళ్లు చదువుర్రి.

మా పాలమూరుకు పేరు మార్చి 1890ల మహబూబ్‌నగర్ అని పెట్టింది ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా మీద. ఆయనకు పులుల వేట పిచ్చి. ముప్పై పులుల్ని కొట్టిండని, తీస్ మార్ ఖాన్ అని జనం ఇప్పటికీ చెప్పుకుంటరు. అంటె మనం రోజు రాసే అడ్రసులనే ఒక షికారీ పేరున్నది. అమ్రాబాద్ గుట్టల మీది ఫరహాబాద్ గూడ నిజాముల షికారు జాగనే. ఇప్పుడు అదే పులుల అభయారణ్యం, జీపుల తిప్పి చూపిస్తరు.

మా తాత ఆ నిజాంను చూడలే, ఆయన తర్వాతి కాలపోడు. కాని దొరల షికారుకు హాకా కొట్టుడు చేసిండు. తెలువనోళ్ల కోసం: దొర మచాన్ మీద కూసుంటడు. ఊరోళ్లు నూరుమంది అడవికి అవతలి దిక్కునుంచి డప్పులు, డబ్బాలు కొట్టుకుంట, కేకలేసుకుంట జంతువును ఆయన దిక్కు తోలుకు రావాలె. కూలి లేదు, అది వెట్టి. చేతిల కట్టె తప్ప ఏమీ ఉండదు. పంది ఎనక్కి తిరిగిందంటె ముందల ఉన్నోని గతి అంతే. మా తాత తొడ మీద జానెడు మచ్చ ఉండె, మాంసం లోపలికి గుంజుకపోయి నున్నగ, మెరిసేది. చిన్నప్పుడు దాంట్ల వేలు పెట్టి ఆడుకునేటోన్ని. "ఇది ఎట్లయింది తాతా" అంటె, "దొర ఆట ఆడిండు బిడ్డా" అనేటోడు.

దొర గోడకు ఆ పంది తలకాయ ఎక్కింది. కొట్టింది దొర అని రాసుకున్నరు. ధైర్యం ఎవనిది?

గులేరు_గోపి
ఆదివారం, రాత్రి 9:52

కాకా, మీ తాతకు దండం. కాని అది వెట్టి తప్పు, వేట తప్పు కాదు. మన పురాణాల నిండ వేట ఉన్నది. రాజులు వేటాడలేదా? తిన్నడు వేటగాడు కాదా, శివుడు ఎంగిలి మాంసం తినలేదా?

పాలమూరు_పాత
ఆదివారం, రాత్రి 10:14

గోపీ, తిన్నడు శివునికి పెట్టేటందుకు కొట్టిండు. రాజుల సంగతి అడిగినవు గదా, సప్తవ్యసనాల్ల వేట ఉన్నది. జూదం, తాగుడు పక్కన కూసొని ఉన్నది. దశరథుడు చీకట్ల చూడకుండ చప్పుడు ఇని బాణం ఏసిండు, నీళ్లు ముంచుకునే పిలగాడు పోయిండు. మీ జీపు బ్యాచికి జర యాది చెయ్.

పాండురాజు కథ ఇంకా లోతు. లేళ్లజంట రూపంల ఉన్న కిందమ మునిని కొట్టిండు. ముని ఏమన్నడు? నువ్వు లేడిని చంపినవని నా కోపం కాదు, అవి కూడి ఉన్నప్పుడు ఆగలేకపోయినవు, అదీ నా కోపం అన్నడు. అంటె వేటాడెటోనికి గూడ ఆగాల్సిన జాగ ఒకటి ఉంటదని ఆ కథ ఒప్పుకుంటది.

పెంట_బిడ్డ
సోమవారం, ఉదయం 6:25

నమస్తే. నేను చెంచుల ఆడబిడ్డను. అమ్రాబాద్ మీది పెంటల పుట్టిన (మా గూడేన్ని పెంట అంటరు), ఇప్పుడు మన్ననూరు దగ్గర పని చేస్తున్న. మీ మాటలన్నీ చదివిన, రెండు సంగతులు చెప్పాలె.

మొదటిది, లైట్లు ఏసుకొని వచ్చెటోళ్లు రాత్రికి రాత్రి పోతరు. తెల్లారి తూటా పెంకు దొరికితే ముందు అడిగేది మా ఇండ్లనే. మా అన్న ఆ రోజు తేనెకు పోయిండు, తిరిగి వచ్చేసరికి ఇంటి ముందు మనుషులు. అతనికి ఉన్నది విల్లు, అది గూడ గోడకు. ఎవరి ఆటనో, దానికి జవాబు చెప్పుకునేది మేము.

రెండోది మీకు నచ్చకపోవచ్చు. చెంచులు ఆకలికే వేటాడుతరు, అడవికి దండం పెట్టి కొడతరు అని అందరు మంచిగ రాస్తరు. మా తాత ఉడుమును పట్టిన రోజు ఇంటికొస్తూనే నవ్వుకుంట వచ్చేటోడు, ఎట్ల పట్టిండో రెండుసార్లు చెప్పేటోడు. సంతోషం లేదని నేను అబద్ధం చెప్ప. ఆకలి ఉన్నది, సరదా కూడ ఉన్నది. అక్క అన్నట్టు మూడు కుండలు వేరు చేయొస్తదేమో, మా ఇంట్ల మాత్రం ఒక్కటే కుండ.

కాని ఒకటి. దెబ్బ తిన్నదాన్ని వదిలేసి ఇంటికొస్తే మా అవ్వ అన్నం పెట్టేది కాదు. "అది అక్కడ అరుస్తుంటె నీకు ముద్ద ఎట్ల దిగుతది" అని తాతను ఎనక్కి పంపేది. చీకటైనా సరే. డిండి తమ్ముడు రాసినదాంట్ల నాకు గుచ్చుకున్నది కొట్టుడు కాదు. "పోనీ తీయ్, ఇంకోటి దొరుకుతది" అన్న మాట.

గులేరు_గోపి
సోమవారం, ఉదయం 9:03

అక్కా, ఇది చదివి చాయ్ చల్లారింది. నేను కొట్టిన కౌజులల్ల ఎన్ని పొదల దూరి పోయినయో ఎన్నడూ లెక్క పెట్టలే. తెచ్చినవే లెక్క పెట్టుకున్న. వేట తప్పు అని ఇప్పటికీ అన. అంతవరకే రాస్తున్న.

జువాలజీ_అక్క
సోమవారం, ఉదయం 11:40

పెంట బిడ్డ నన్ను సరిగ్గా పట్టుకుంది. నా మూడు కుండల మాట వెనక్కి తీసుకుంటున్నా.

ఒక పక్క మాట. దసరా వస్తే పాలపిట్టను పంజరంలో పెట్టి ఇంటింటికీ తిప్పుతారు, చూస్తే శుభమని డబ్బులిస్తాం. అది మన రాష్ట్ర పక్షి. ఎగరకుండా రెక్కలు కట్టేసి ఉంటాయి, దగ్గరికి పోయి చూస్తే తెలుస్తుంది. తుపాకీ లేదు కాబట్టి దాన్ని ఎవరూ వేట అనరు. మా ఇంట్లో నేనే పోయినేడు పది రూపాయలిచ్చాను.

పాతబీటు
సోమవారం, మధ్యాహ్నం 12:15

అదీ నేరమే అమ్మా.

జువాలజీ_అక్క
సోమవారం, మధ్యాహ్నం 12:18

తెలుసు సార్. అందుకే రాశాను.

నల్లమల_నైట్స్
సోమవారం, మధ్యాహ్నం 3:33

[ఈ సందేశం తొలగించబడింది]

నిర్వాహకుడు
సోమవారం, మధ్యాహ్నం 3:50

వేటకు ఎక్కడ జంతువులు దొరుకుతాయో, ఎవరి దగ్గర తుపాకీ అద్దెకు దొరుకుతుందో రాసేవాళ్లకు ఇక్కడ చోటు లేదు. ఖాతా తీసేశాం. మిగతావాళ్లు కొనసాగించండి. పాతబీటు గారూ, మీరు స్క్రీన్‌షాట్ అడిగారు, పంపించాను.

పాతబీటు
సోమవారం, సాయంత్రం 6:20

అందింది. ఇంకొకటి చెప్పి ఊరుకుంటాను. పంట కోసం చంపడంలోకి సరదా ఎలా దూరుతుందో చూడాలి. 2016 జూన్‌లో బీహార్‌లోని మొకామాలో మనుబోతులను, అవే నీల్‌గాయిలను, పంటకు నష్టమని 200కు పైగా కాల్చారు. కేంద్రం అనుమతి ఉంది, చట్టబద్ధమే. కాల్చడానికి పోయింది మన హైదరాబాద్ షూటర్లు. దీని మీద ఇద్దరు కేంద్రమంత్రులు బహిరంగంగానే తగువు పడ్డారు. రైతుకు కావలసింది పంట. పిలవగానే తుపాకీ పట్టుకుని సొంత ఖర్చుతో ఉరికొచ్చేవాడికి కావలసింది ఏమిటి? సర్వీసులో ఉండగా అలాంటివాళ్లు నా దగ్గరికీ వచ్చారు. "సార్, పందుల్ని ఏరేయాలంటే చెప్పండి, ఫ్రీగా చేస్తాం." ఆ ఫ్రీ అన్న మాటకే నాకు భయమేసేది.

మంచె_మల్లన్న
సోమవారం, రాత్రి 8:02

ఫ్రీగ వస్తె నేనైతే వద్దన సార్. నిజం చెప్తున్న. వాడు నవ్వుకుంట కాల్చినా, ఏడ్చుకుంట కాల్చినా నా పల్లి మిగులుతది. వాని మనసుల ఏమున్నదో నాకెందుకు?

కాని ఒకటి ఒప్పుకుంట. రెండేండ్ల కింద మా చేను గట్టుకు ఎవడో బండి క్లచ్ వైరుతోని ఉచ్చు పెట్టిండు. పందికి పెట్టిన దాంట్ల మా కుక్క పడ్డది. ఎంత గుంజుకుంటె అంత బిగిసింది. పొద్దున చూసేసరికి వైరు మెడ తోలు లోపలికి పోయింది, బతికే ఉన్నది, నన్ను చూసి తోక ఊపింది. కటింగ్ ప్లేరుతో తెంపేసరికి నా చేతులు వణికినయి. ఇప్పటికీ దాని మెడ చుట్టూ బొచ్చు రాదు. అప్పటినుంచి పందికి గూడ ఉచ్చు పెట్టబుద్ది కాలే.

డిండి_పోరడు
మరుసటి ఆదివారం, సాయంత్రం 4:45

అందరికీ దండం. వారమంత చదివిన. పెంట బిడ్డక్క రాసింది చదివినంక ఉండబుద్ది కాక ఇయ్యాల పొద్దున బైకు మీద ఆ కంది చేను దగ్గరికి పోయిన. ఇన్ని రోజులకు ఏం ఉంటది అనుకోకుండ్రి, నాకూ తెలుసు. గట్టుకు పది గజాల దూరంల ఒక రేగు పొద కింద జరంత బొచ్చు, రెండు సన్నటి బొక్కలు, మిగిలింది చీమలు. అదో, ఇంకోటో చెప్పరాదు. పక్కన కూసున్న.

గంతల చేను ఆసామి వచ్చిండు. "ఎవలయ్యా నువ్వు, నా కందిల ఏం పని" అన్నడు. దాచబుద్ది కాక మొత్తం చెప్పిన. కుందేలు గురించి ఏమన్న అంటడేమో అని చూసిన. ఆయన నన్ను చెయ్యి పట్టుకొని చేను అవతలి కొసకు తీస్కపోయిండు. జీపు టైర్లు తొక్కిన నాలుగు సాళ్లు, కాయ పట్టిన కంది, నేలకు అంటుకపోయి ఎండిపోయింది. "పంది అనుకున్న, పందికి టైర్లుంటయా అని రెండు రోజులు ఆలోచిస్తున్న" అన్నడు.

జేబుల ఉన్న పన్నెండు వందలు ఇచ్చిన. తీసుకున్నడు. దోస్తులకు ఫోన్ చేసి మిగతాది మీరు ఇయ్యాలె అన్న. ఇద్దరు ఎత్తలే.

మంచె_మల్లన్న
మరుసటి ఆదివారం, సాయంత్రం 5:30

నాలుగు సాళ్లకు పన్నెండు వందలు తక్కువే తమ్మీ. కాయ పట్టింది అంటున్నవు గదా. సాలు ఎంత పొడుగు?

డిండి_పోరడు
మరుసటి ఆదివారం, సాయంత్రం 5:41

నూరు అడుగులు ఉంటది అన్నా.

మంచె_మల్లన్న
మరుసటి ఆదివారం, సాయంత్రం 5:58

అయితే సరిపాయె. ఎక్కువే ఇచ్చినవు. నేను మంచె ఎక్కుతున్న, పందులు దిగే యాళ్లయింది, సెల్లు తొమ్మిది శాతమే ఉన్నది. ఒక రాత్రి రా ఇటు, నిద్ర పడుతలేదంటివి గదా, నాతోని కావలి ఉందువు. డబ్బా కొట్టెటందుకు ఇంకో చెయ్యి కావాలె.